బంతిపూలు గట్టి బండిని సంపిన

నన్ను ఎవ్వలు తిడ్తలేరు. అసలు పరేషాన్ గదే. మొన్న నేను జేసిన పనికి మా బాపు రెండు సరిస్తే అయిపోతుండె. అమ్మ రెండు పూటలు బువ్వ పెట్టకున్నా మంచిగుండు. ఎవ్వలు ఏమంటలేరు. మీరు ఛాయ్ తాగుకుంట నవ్వుకుంటనే ఇనుండ్రి, నేనేమనుకోను. నవ్వే ముచ్చటనే. కాకపోతే నడుమ నడుమ జర ఆగుత, ఏమనుకోకుండ్రి.

సంగతేందంటే, మా బాపు ఇరవై ఏండ్లు కండ్లల్ల పెట్టుకోని సూసుకున్న కారును నేను ఒక్క పొద్దుల సంపిన. దేనికీ గుద్దలేదు, బోల్తా కొట్టియ్యలేదు. ప్రేమతోటి సంపిన.

మాది రావల్కోల్. మా కారు ఎనిమిదొందల సీసీ బండి, తెల్లది. తెల్లది అంటే కొన్నప్పుడు తెల్లది. ఇప్పుడు ఛాయ్ కలిపిన పాల లెక్కుండె. నాకు నాలుగేండ్లున్నప్పుడు బాపు దాన్ని ఎవలికాడనో పాతది కొని, పెండ్లిళ్ళకు కిరాయి నడిపిండు. మా ఊర్లె పెండ్లయిన మొగోళ్ళల్ల సగం మంది గా ఎనుక సీటు మీదికెల్లే సంసారంలకు దిగిండ్రు. ఇప్పటికీ కొందరు బాపును సూస్తే నమస్తే పెడ్తరు, కొందరు మాత్రం నవ్వుకుంట "మల్లయ్యన్నా, గా రోజు నువ్వన్న బ్రేక్ కొట్టకపోతివి" అంటరు.

గా బండికి కంప్యూటర్ లేదు, సెన్సార్ లేదు. బానెట్ లేపితే లోపల ఉన్నదంత కానొచ్చేది. నడుమల సందులకెల్లి కింద నేల గూడ కానొచ్చేది. ఆదివారం పొద్దుగాల బాపు బనీను మీదనే బయటికొచ్చి బానెట్ లేపి, నన్ను పిలిచేటోడు. నేను గరుకు కాయితంతోటి ప్లగ్గులు రుద్దుతుంటి. పెట్రోల్ ట్యాంకు జరంత కారితే బాపు బట్టల సబ్బు ముక్క మెత్తగ పిసికి గాడ అంటువెట్టేటోడు, కారుడు బంద్. రేడియేటర్ కారితే ఇంట్లకువోయి గుప్పెడు పసుపు తెచ్చి పోసేటోడు. పసుపు లోపల గడ్డగట్టి సిల్లును మూస్తదంట. మా అమ్మ మొత్తుకునేది.

"కూరలకు పసుపు లేదు, కారుకు మాత్రం పసుపు. బొట్టు గూడ పెట్టు, పుణ్యముంటది."

"దసరాకు పెట్టిన గదనే" అనేటోడు బాపు.

చలికాలంల పొద్దుగాల చోక్ గుంజి, మనసుల మూడు లెక్కవెట్టి తాళం తిప్పాలె. రెండు లెక్కవెడ్తే లేవదు, నాలుగు లెక్కవెడ్తే అలుగుతది. ఇంజన్ ఎంత గరమైందో సూపిచ్చే ముల్లు ఒకటుంటది గద, అది ఎన్నడో నడుమల ఇరికింది. బండి మంచుల ఉన్నా, మంటల ఉన్నా ముల్లు నడుమనే. బాపు దాన్ని సూడనే సూడడు. దిగి, పిల్లగాని నుదుటి మీద జరం సూసినట్టు బానెట్ మీద అరచెయ్యి పెడ్తడు. వాసన పీలుస్తడు. "జర దమ్ము తీసుకోనీ" అని పక్కకు ఆపుతడు. గంతే.

నేనేమో గివన్నీ సూసుకుంట పెరిగిన గని, నేర్సుకున్నది తక్కువ, కలలు గన్నది ఎక్కువ. బాపు ప్లగ్గుల గురించి జెప్తుంటే నేను ఎనుక సీట్ల పండుకోని పైన కారు కప్పుకు ఉన్న బట్ట మీద మరకలను సూసేటోన్ని. ఒక మరక నెమలి లెక్కుండె. నా పెండ్లి గూడ గీ కార్లనే కావాలె, గా నెమలి కిందనే కూసోవాలె అనుకునేటోన్ని. పది తప్పినంక సదువు ఆగింది గని గా కల ఆగలేదు. రెండేండ్ల కింద దూలపల్లిల మూతలు జేసే కంపెనీల పనికి వోయిన. గాడ ప్యాకింగ్‌ల లావణ్య ఉన్నది. గప్పటిసంది గా ఎనుక సీట్ల నా పక్కకు ఎవరు కూసున్నరో మొఖం గూడ కానొస్తుండె.

లావణ్యకు నేను గీ ముచ్చట జెప్పలేదు. కారు గురించైతే రోజు జెప్పిన. ఒకరోజు అన్నం తినుకుంట అన్నది, "పూలు కట్టిన గసొంటి పాత కారు వస్తుంటే ఎంత ముద్దుగుంటది." గదే మాట. గంతే అన్నది. నేను గా మాటను మూటగట్టి దాసుకున్న.

ఈ ఎండకాలం బాపుకు మోకాలు పూర్తిగ పట్టేసింది. క్లచ్ తొక్కొస్తలేదు. గదే టైముకు శామీర్‌పేట దగ్గర ఫామ్‌హౌస్ ఉన్న సారు ఒకాయన, పాత బండ్లను జమజేసేటాయన, మా కారును ఏదో పెండ్లిల సూసి అడిగిండు. "నడిసే బండే కావాలె, నేను మంచిగ సూసుకుంట" అన్నడంట. అమ్మ ఇచ్చేయమన్నది. నాకు పానం వోయినంత పనైంది.

"నేను నడుపుత బాపు" అన్న.

"నడుపుడు ఎవనికైనా వస్తదిరా. సూసుకునుడు రావాలె."

"సూసుకుంట."

బాపు మోకాలు రుద్దుకుంట బండి దిక్కు సూసిండు. గప్పుడు అన్నడు, "వచ్చే వారం రమేష్‌గాని పెండ్లుంది గద. పెండ్లికొడుకు కారు నువ్వే నడుపు. మంచిగ తీస్కపోయి మంచిగ తీస్కరా. బండి నీది. లేకుంటే గా సారుకిస్త."

రమేష్ నా దోస్తు, మా గల్లీనే. పెండ్లి శామీర్‌పేటల ఫంక్షన్ హాల్ల. పెండ్లిపిల్ల ఎవరంటే మా కంపెనీలనే చేసే అమ్మాయి, లావణ్యకు జిగ్రీ దోస్తు. అంటే లావణ్య హాల్ గేటు ముంగటనే నిలవడి ఉంటది. పూలు గట్టిన కారు వస్తది. నడిపేది నేను. దేవుడు గింత మంచిగ నాకెన్నడు కలిపియ్యలేదు.

పెండ్లి ముందటి దినం సాయంత్రం బాపు గడపల కూసోని జెప్పిండు. "ముంగట జాలి మీద పూలు కట్టకు. కారుకు గదే ముక్కు, గాలి గాడికెల్లే పోవాలె. డప్పులోళ్ళ ఎనుక మెల్లగ పోయేటప్పుడు నడుమ నడుమ ఇంజన్ బంద్ జేసుకో. ఇంటున్నవా?"

"ఆఁ బాపు" అన్న. చేతుల బంతిపూల మూట ఉండె. పసుపుయి ముంగటనా, ఎర్రయి ముంగటనా అని మనసుల లెక్కలేస్తున్న.

తెల్లారి ఐదు గంటలకే మొదలువెట్టిన. డోర్లకు కట్టిన, బానెట్ మీద హారం పరిసిన, అద్దం చుట్టు తిప్పిన. అంత అయినంక ఎనుకకు జరిగి సూసిన. అంత మంచిగనే ఉన్నది గని ముంగట జాలి మాత్రం నల్లగ, బోడిగ, పండ్లు ఊడిన నోరు లెక్క కానొచ్చింది. లావణ్య ముందుగాల సూసేది గదే గదా. ఒక్క వరుస కడ్తే ఏమైతది అనుకున్న. ఒక్క వరుస కడ్తే ఇంకా వికారమైంది. రెండు కట్టిన. గట్లనే కట్టుకుంట కట్టుకుంట ఆరు వరుసలైనయి. నడుమల మామిడాకులు గూడ కుక్కిన. సూది పోయే సందు లేదు. మస్తుండె. నిజం జెప్తున్న, గా కారు అంత ముద్దుగ ఎన్నడు లేకుండె.

ఇంకొక్క పని జేసిన. లోపల మల్లెపూల వాసనొచ్చే అగర్బత్తి ముట్టిచ్చి పెట్టిన. ఒక్కటి కాదు, నాలుగు.

బాపు లేచి వచ్చేటాల్లకు నేను బండిని రమేష్ ఇంటి ముంగట పెట్టేసిన. సూపిద్దామనే అనుకున్న. సూపిస్తే ఇప్పిస్తడని తెలుసు. గందుకే సూపియ్యలేదు, మోకాలు నొప్పికి బాపు గల్లీలకు రాలేదు గూడ.

రమేష్ తెల్ల సిల్కు అంగీ, పట్టు పంచ కట్టుకోని ఎనుక కూసున్నడు. పక్కపొంటి వాళ్ళ మేనత్త, లక్ష్మత్త, ఒడిల కొబ్బరికాయ పట్టుకోని. మిగిలిన సుట్టాలంత బస్సుల ముందుగాలనే పోయిండ్రు. ఊరు దాటేదాక డప్పులు. డప్పులోళ్ళ ఎనుక కారు నడుసుడు అంటే నడుసుడు కాదు, పాకుడే. ఫస్ట్ గేర్ల ముప్పావు గంట. ఎవడో ఎగురుతడు, ఆగుడు. ఇంకెవడో పడుకోని ఎగురుతడు, మల్ల ఆగుడు. ఇంజన్ బంద్ జెయ్యాలని బాపు జెప్పింది యాదికుండె. గని డప్పుల నడుమ కారు ఆగిపోయినట్టుంటే ఏం బాగుంటదని బంద్ జెయ్యలే. ముల్లును సూసుకున్న. నడుమనే ఉన్నది. దిల్ ఖుష్.

మేడ్చల్ దాటి శామీర్‌పేట రోడ్డెక్కినం. ఇగ గాలి తగుల్తది, ఏం భయం లేదనుకున్న. గాలి ఏడ తగుల్తది, ముక్కు మూసింది నేనే గదా.

"శీనుగా, ఏదో కాల్తున్న వాసనొస్తాందిరా" అన్నడు రమేష్.

"అగర్బత్తిరా."

"అగర్బత్తి రబ్బర్ వాసనొస్తదారా?"

"కొత్త రకం" అన్న.

లక్ష్మత్త కిటికీలకెల్లి తల బయటవెట్టి సూసి, "కొడుకా, నీ కారు గూడ అగర్బత్తి ముట్టిచ్చింది సూడు, ముంగటికెల్లి పొగొస్తాంది" అన్నది.

బండిని పక్కకు ఆపిన. ఆగినంక ఇంజన్ ఒకసారి దగ్గింది, మల్ల దగ్గింది, బంద్ అయింది. నేను తాళం గూడ తియ్యలేదు. దిగి బానెట్ మీద చెయ్యి పెడ్తే చురుక్కుమన్నది. బాపు పెట్టినట్టే పెట్టిన, గని బాపుకు తెలిసేది నాకు తెల్వలేదు.

"దిష్టి తగిలింది" అన్నది లక్ష్మత్త. "గింత ముద్దుగ జేస్తే తగలదా? నిమ్మకాయ ఉన్నదా?"

నిమ్మకాయలు మస్తున్నయి, నేనే కట్టిన. ఒకటి తెంపి ఇచ్చిన. ఆమె కారు చుట్టు తిప్పుతుంటే నేను బానెట్ లేపి, తువ్వాల చుట్టి రేడియేటర్ మూత తిప్పిన. సగం తిప్పంగనే మూత ఎగిరింది, నేను ఎనుకకు దునికిన. పసుపు నీళ్ళు తాటిచెట్టంత లేచినయి. రమేష్ దూరంగనే ఉన్నడు, కాలలేదు గని గాలికొచ్చిన తుంపర్లు తెల్ల సిల్కు అంగీ మీద పడ్డయి. ఇరవై ఏండ్లు మా అమ్మ పోపుడబ్బలకెల్లి పోయిన పసుపంత పెండ్లికొడుకు మీద తేలింది.

లక్ష్మత్త ఒక్క నిమిషం సూసింది. "మంచిగైంది. మల్ల నలుగు పెట్టుడైంది."

"ముహూర్తం పదకొండున్నరకురా" అన్నడు రమేష్, ఏడ్సుడొక్కటే తక్కువ.

గప్పుడు బాపుకు ఫోన్ జెయ్యాలె. జెయ్యలేదు. ఫోన్ జేస్తే బండి పాయె, ఫామ్‌హౌస్ సారుకు పోతది. నేనే బాగుజేసి, నేనే తీస్కపోయి, ఏం కానట్టు ఇంటి ముంగట పెడ్త అనుకున్న. ఇప్పటిదాక నా బతుకుల నేను ఏదన్న మార్చుకోవచ్చంటే గా ఒక్క నిమిషాన్ని మార్చుకుంట.

నీళ్ళు కావాలె. బండ్ల బాటిల్ల బాపు ఎప్పుడూ నీళ్ళు పెడ్తడు. పూలు వాడిపోకుండ గా నీళ్ళను నేను పొద్దుగాలనే పూల మీద సల్లేసిన. అటు ఇటు సూస్తుంటే నీళ్ళ క్యాన్ల ట్రాలీ ఆటో వచ్చింది. చెయ్యి అడ్డం పెడ్తే ఆపిండు. ఆయన గూడ గా పెండ్లికే పోతున్నడంట. ఇరవై క్యాన్లు, అన్ని కూలింగ్. పట్టుకుంటే వేళ్ళు జివ్వుమన్నయి.

నాకు ఎంత సంబరమైందో. దేవుడే పంపిండనుకున్న. క్యాన్ మూత సూస్తే మా కంపెనీదే, నా మిషన్ మీదికెల్లి వచ్చిందే కావచ్చు. కారు ముంగట నిలవడ్డ. బుసబుస అంటాంది, పాపం. ఎంత దూపైతుందో అనిపిచ్చింది. "సల్లగ తాగు" అన్న. నిజంగనే అన్న, లక్ష్మత్త ఇన్నది. మంచులసొంటి నీళ్ళు, సగం క్యాన్, గటగట పోసిన.

లోపల టప్పుమన్నది. పెద్ద సప్పుడు కాదు. ఎవరో పక్కరూంల పలక పలగ్గొట్టినట్టు. గంతే. గప్పుడు బుసబుస గూడ బంద్ అయింది. సల్లగైంది, నిద్రపోయింది అనుకున్న నేను.

తాళం తిప్పిన. చోక్ గుంజి మూడు లెక్కవెట్టి తిప్పిన. నాలుగు లెక్కవెట్టి తిప్పిన. ఏం లేదు. కింద సూస్తే ఇంజన్ మీదికెల్లే నీళ్ళు కారుతున్నయి.

గప్పుడు జేసిన ఫోన్. బాపు ఒకటే అడిగిండు, "పెండ్లికొడుకును పంపినవా?"

పంపలేదు. గప్పుడు పంపిన. రమేష్ నీళ్ళ ట్రాలీల క్యాన్ల నడుమ నిలవడి, ఒక చేత్తోటి పైన రాడ్డు పట్టుకోని, ఇంకో చేత్తోటి బాసింగం పట్టుకోని పోయిండు. లక్ష్మత్త డ్రైవర్ పక్కకు, కొబ్బరికాయ తోటి. పోయేముంగట రమేష్ నన్ను ఏమన్న అంటడనుకున్న. అనలేదు. "కారుకు ఏం కాలేదు గదరా?" అన్నడు. గట్ల అడిగేసరికి నాకు కండ్లల్ల నీళ్ళు తిరిగినయి.

రోడ్డు పక్కపొంటి తుమ్మచెట్టు కింద నేనొక్కన్నే కూసున్న. పోయేటోళ్ళంత ఆగుతున్నరు. "గిది మల్లయ్యన్న బండి గాదు?" అంటరు. "నా పెండ్లి గీ కార్లనే అయింది" అంటరు. ఒకాయనైతే దిగి, ఎనుక సీట్ల ఒక నిమిషం కూసోని పోయిండు. గింతల ఫోన్ మోగింది. లావణ్య.

"శీను, పూల కారు అన్నవ్, ఏది? రమేషన్న నీళ్ళ క్యాన్లల్లకెల్లి దిగిండేంది? అంగీ అంత పసుపేంది?"

"వస్తున్న" అన్న. ఇంకేం జెప్పాలె.

బాపు మేడ్చల్ల ఆటో మాట్లాడుకోని వచ్చిండు. కుంటుకుంట దిగిండు. దూరంకెల్లే జాలి మీద పూలు సూసిండు. నడుసుడు ఆపిండు. మల్ల నడిసి వచ్చి బానెట్ మీద అరచెయ్యి పెట్టిండు. శానసేపు తియ్యలేదు.

"నీళ్ళు పోసినవా?"

"పోసిన బాపు."

"మామూలుయా?"

పక్కకు సగం క్యాన్ ఉండె, మీద ఇంక చెమ్మ తడి ఆరలేదు, బాపు దాన్నే సూసిండు.

"దూపైందని పోసినవా?" అన్నడు.

"ఆఁ."

తిడ్తడని ఒళ్ళంత దగ్గరవెట్టుకోని నిలవడ్డ. బాపు కింద కూసున్నడు, మోకాలు వంగకపోతే కాలు సాపుకోని కూసున్నడు. జాలి మీది పూలు ఇప్పదీసుడు సురువుజేసిండు. గుంజలేదు, తెంపలేదు. ఒక్కొక్క ముడి ఇప్పి, ఒక్కొక్క వరుస తీసి పక్కకు పెట్టిండు. ఆరు వరుసలు. మామిడాకులు గూడ తీసిండు. జాలి మల్ల బోడిగైంది. గప్పుడు దాన్ని తువ్వాలతోటి తుడిసి, "ఇప్పుడు పీల్సుకో" అన్నడు.

నాతోటి అనలేదు. బండితోటి అన్నడు.

యాదగిరన్న అని మేడ్చల్ల మెకానిక్ ఉన్నడు, ఇంజన్ విప్పి సూసి తలకాయ ఊపిండు. కాలిన ఇనుము మీద మంచునీళ్ళు పడ్తే పలగక ఏమైతది అన్నడు. పైనా పలిగింది, కిందా పలిగింది. ఫామ్‌హౌస్ సారుకు ఫోన్ జేస్తే, నడవని బండి వద్దన్నడు. అంటే మాకు ఉండకపాయె, ఆయనకు పోకపాయె. ఆయనకు ఇచ్చినా శామీర్‌పేటకు పోయి సూసివస్తుంటి. ఇప్పుడు సూసేతందుకు గూడ లేదు. పోయిన సోమవారం సూరారంకెల్లి పాత సామాను లారీ వచ్చింది. బాపు చోక్ గుండీ ఒక్కటి ఊడదీసుకున్నడు. నేను నెమలి మరకున్న బట్ట కోసుకుందామనుకున్న. ఏ మొఖంతోటి అడగాలె అనిపిచ్చి అడగలేదు.

నిన్న ఆదివారం. పొద్దుగాల బాపు అలవాటు ప్రకారం తుడిసే బట్ట పట్టుకోని బనీను మీదనే బయటికొచ్చిండు. ఖాళీ జాగను సూసిండు. నేల మీద ఆయిలు మరక ఒక్కటున్నది. నేను తలుపు ఎనుకకెల్లి సూస్తున్న. బాపు జరసేపు నిలవడి, గోడ పక్కకున్న నా బైకు కాడికొచ్చి దాన్ని తుడుసుడు సురువుజేసిండు.

"శీనుగా" అని పిలిచిండు. "దీనికి చోక్ ఏడుంటదిరా?"

"దీనికుండది బాపు. బటన్ ఒత్తితే లేస్తది."

"గంతేనా?" అన్నడు. "ఇగ నీకు కష్టం లేదు తియ్యి."

గా మాట తిట్టైతే ఎంత బాగుండు. తిట్టు కాదు. నిజంగనే నా గురించి నిమ్మలపడి అన్నడు.

ఇయ్యాల కంపెనీల అన్నం తినేకాడ లావణ్య అంత ఇన్నది. జాలి సంగతి, అగర్బత్తి సంగతి, సల్లటి నీళ్ళ సంగతి, ఒక్కటి దాయలేదు. రెండేండ్లసంది ఎనుక సీట్ల నా పక్కకు ఎవరు కూసుంటున్నరో గది గూడ జెప్పేసిన. కారే పాయె, ఇగ దాసుకోని ఏం లాభం. ఆమె మొదట నవ్వింది, సోమవారం లారీ కాడికొచ్చేటాల్లకు నవ్వుడు ఆపింది, ఎనుక సీటు మాటకు డబ్బ మూత పెట్టుడు మర్శిపోయింది.

"గా కారును మస్తు ప్రేమించినవ్ గద" అన్నది.

"పానం లెక్క."

మూత పెట్టుకుంట అన్నది, "నన్ను జర తక్కువ ప్రేమించు."

గా మాటకు ఏం అర్థమో మీరే జెప్పాలె. నేనైతే ఔనన్నదనే అనుకుంటున్న. గందుకే గీడికొచ్చేముంగట మేడ్చల్ల ఆగి, ఆమె కోసం పూలు కొన్న. ఒక్క మూరనే. రేపు ఇచ్చేటప్పుడు జెప్త, జడకే పెట్టుకొమ్మని, ముక్కుకాడికి మాత్రం రానియ్యొద్దని.